వాషింగ్ మెషీన్ కొనకండి, ఎంచుకుంటూ ఉండండి!

వాషింగ్ మెషీన్ కొనడం శుద్ధ తెలివితక్కువ పని. దాన్ని ఎంచుకుంటూ ఉండడమే మహాభాగ్యం!

ఆవేశపడకండి. కొంటే ఏమొస్తుంది చెప్పండి? బట్టలు తెల్లబడతాయి. అంతేగా! ఆ మాత్రం పని పెరట్లో పడున్న బండ కూడా చేస్తుంది. అదే ఎంచుకుంటూ కూర్చుంటేనో? ఇంట్లో మగవాళ్లకు జ్ఞానం పెరుగుతుంది, చుట్టాల రాకపోకలు పెరుగుతాయి, పిచ్చాపాటికి సరుకు దొరుకుతుంది. ఉతికే మనిషి ఎలాగూ ఉతుకుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ నయాపైసా నష్టం లేదు.

నమ్మకం కుదరకపోతే మర్రిగూడ దిక్కు ఓ పల్లెలో ఉన్న రాజేశ్ ఇంటికి పదండి. రాజేశ్ గొర్రెల బేరగాడు. జీవాన్ని చూపుతోనే తూకం వేయగలడని పేరు. ఆ విద్య నేర్పినవాడు తండ్రి కురుమయ్య. తల్లి గుర్వమ్మ ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మోకాళ్లు బిగుసుకుపోయి, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఇక రాజేశ్ భార్య ఉమారాణి. చండూరులో ఓ ప్రైవేటు బడిలో ఈ మధ్యే టీచరుగా చేరింది. చదివిన చదువుకు తగ్గ కొలువు దొరికిందని నేల మీద నిలవలేదు పాపం.

చిక్కల్లా పొద్దుటి బస్సుతోనే. అది రావడానికి ముందే వంట కావాలి, వాకిలి కావాలి, అందరి బట్టలూ కావాలి. మందతో తిరిగొచ్చిన బట్టలంటే మాటలా? బండకేసి బాదితే గానీ అది గొర్రెదో మనిషిదో తేలదు. పైగా బోరు నీళ్లు. సబ్బు అరుగుతుంది, చేతులు అరుగుతాయి, నురుగు మాత్రం రాదు. చివరి చొక్కా దండెం మీద పడేసరికి బస్సు ఊరు దాటిపోయేది. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని హెడ్మాస్టర్ మొహం మీదే చెప్పాడు.

"జర ఆ మెషిన్ తేరాదు. గీ నౌకరి పోతే నాకు మళ్ల దొరుకుతదా?" అని ఉమారాణి మొగుణ్ణి అడిగింది. అప్పటికి మామిడి పూతమీద ఉంది.

రాజేశ్ మంచివాడు. వెంటనే "కొందాం" అన్నాడు. మామిడి కాసింది, పండింది, టెంకలు కూడా ఎండిపోయాయి. తొలకరి పడి పత్తి గింజలు పెట్టారు. రాజేశ్ ఇంకా కొందామనే అంటున్నాడు. మాట మీద నిలబడే మనిషంటే అలా ఉండాలి!

ఈలోగా అతను సంపాదించిన పాండిత్యం చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి. ఫ్రంట్ లోడా, టాప్ లోడా? ఇన్వర్టరా, మామూలు మోటారా? స్పిన్ ఎంత, స్టార్లు ఎన్ని? సబ్బుబిళ్లకు ఏ వైపు పేరుంటుందో కూడా తెలియని మనిషి, చాయ్ హోటల్లో నిలబడి డ్రమ్ము తిరుగుడు గురించి ఉపన్యాసాలిచ్చాడు. అక్క మొగుడు ఎల్లస్వామి వారం వారం పనిగట్టుకుని వచ్చి, ఓ కొత్త వీడియో చూపించి, కోడికూర తిని వెళ్లేవాడు. ఆ కోడికూర వండిన చెయ్యే ఆయన చెయ్యి తుడుచుకున్న తువ్వాలు కూడా ఉతికేదనుకోండి. అది వేరే సంగతి.

ఆ ఎల్లస్వామే ఒకనాడు డ్రయ్యర్ అనే బాంబు పేల్చాడు. "ఉతికి చేతులు దులుపుకుంటే ఎట్ల బామ్మర్ది? ఆరబెట్టేది గూడ ఉండాలె. రెండు పక్కపక్కన పెడితె ఇల్లు ఇల్లు లెక్కుంటది."

ఎంత దూరదృష్టి! ఆ ఊళ్లో ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. పిండిన లంగా దండెం చేరేలోపే సగం ఆరుతుంది. అయినా ఎండను నమ్ముకుంటామా? దానికి వారంటీ ఉందా? రిమోట్ ఉందా? ఊరంతా ఎండలోనే ఆరబెట్టుకుంటుంటే ఇక రాజేశ్ ఇంటి గొప్పేముంది? కాబట్టి ఎంపిక మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి రెండు మెషీన్లకు.

చివరికి ముగ్గురు మగవాళ్లూ నల్లగొండ షోరూంకు బయల్దేరారు. బడికి సెలవున్న రోజే కదా, తానూ వస్తానంది ఉమారాణి.

"కారుల జాగ లేదు చెల్లె" అన్నాడు ఎల్లస్వామి. నిజమే. వెనక సీట్లో కురుమయ్య పక్కన ఆయన గొంగడి కూర్చుంది.

షోరూంలో కురుమయ్య పనితనం చూసి తీరాలి. అంగట్లో పొట్టేలును ఎంచినట్టే ఎంచాడు. నడుం నొక్కాడు, డొక్క మీద తట్టాడు, వెనక్కి వెళ్లి తోకలాంటి వైరు ఎత్తి చూశాడు. ఫ్రంట్ లోడ్ తలుపు తెరిచి లోపలికి తొంగి, "నోరు పొట్టకున్నది. గిదేం జాతిరా?" అన్నాడు.

సేల్స్ కుర్రాడు హుషారైనవాడు. ఏదైనా బట్ట ఇవ్వండి, ఉతికి ఆరబెట్టి చూపిస్తానన్నాడు. ఇంకెవరైనా అయితే జేబురుమాలు ఇచ్చేవారు. కురుమయ్య భుజం మీది గొంగడి తీసి ఇచ్చాడు!

నల్లగొర్రె ఉన్నితో నేయించి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి. సబ్బన్నది ఎరగదు. "ఎంత పెద్ద వానకొట్టినా లోపలికి సుక్క దిగలె. దీన్ని ఉతికిందంటె మెషిన్ గట్టిదే" అన్నాడు. ఎంత శాస్త్రీయమైన పరీక్ష! వేడినీళ్లలో గిరగిరా తిరిగి, ఆ పైన డ్రయ్యర్లో వేడికి మాడి గొంగడి బయటికొచ్చింది. లోపలికి వెళ్లినప్పుడు నిలువెత్తు మనిషిని కప్పేది. ఇప్పుడు గొర్రెపిల్లకు తొడిగితే సరిగ్గా సరిపోతుంది.

కురుమయ్య దాన్ని రొమ్ముకు హత్తుకున్నాడు. తర్వాత, "దీంట్లేస్తె మా పంచెలు గోచీలైతయి. వద్దు, ఇంకోటి జూద్దాం" అని తీర్పిచ్చాడు. మళ్లీ వీడియోలు, మళ్లీ ఎల్లస్వామి, మళ్లీ కోడికూర. కొనేసి ఉంటే ఇన్ని ముచ్చట్లు దక్కేవా, మీరే చెప్పండి!

కులదైవం బీరప్ప పండుగొచ్చింది. కులపెద్దగా కురుమయ్య పొద్దున్నే ఉతికిన తెల్లపంచెతో దేవుడి ముందు నిలబడాలి. ప్రైవేటు బడికి బీరప్పతో పనిలేదు, సెలవివ్వలేదు. ఉమారాణి బండ దగ్గరున్న గుట్టను చూసింది, రోడ్డు మీది దుమ్మును చూసింది. ఎవరితోనూ గొడవ పడలేదు. బ్యాగు భుజాన వేసుకుని, "బట్టలు ఉతకలె. బస్సొచ్చింది. సాయంత్రం బోనానికొస్త" అని వెళ్లిపోయింది.

తండ్రీకొడుకులు గుర్వమ్మ వంక చూశారు. ఆమె గోడకానుకుని కాళ్లు చాపుకుంది. "నాతోని గాదు బిడ్డా. మీరు మెషిన్లు జూసొచ్చినోళ్లు. మీకే ఎరుక" అంది. కొడుకు పుట్టిన ఇన్నేళ్లలో ఆ ముసలామె మొహంలో అంత ప్రశాంతత ఎవరూ చూడలేదు.

ఇక ఇన్వర్టర్ పండితుడు బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నురుగు రాలేదు. ఇంకొంచెం పొడి వేశాడు. అయినా రాలేదు. ప్యాకెట్టు మొత్తం కుమ్మరించాడు. పంచెను తండ్రి ఆ కొసా కొడుకు ఈ కొసా పట్టుకుని ఊపిరి బిగబట్టి పిండారు. జాడించడం అనే ఘట్టం ఒకటుందని ఇద్దరికీ తట్టలేదు. ఎండకు అది అప్పడంలా ఆరింది.

దాన్నే కట్టుకుని కురుమయ్య బీరప్ప ముందు నిలబడ్డాడు. డోలు మొదలైంది, చెమట మొదలైంది, సబ్బుపొడి తన పని మొదలుపెట్టింది. ముందు కాలు దులిపాడు. తర్వాత తొడ గీరాడు. ఆపైన ఒళ్లంతా జాడించి గెంతులేశాడు. పూనకమొచ్చిందని జనమంతా చేతులు జోడించారు. డోలు ఇంకా జోరందుకుంది. ఒగ్గు పూజారి ఎదురెళ్లి పసుపు నీళ్లు చల్లాడు. తడి తగిలేసరికి మంట రెండింతలైంది.

"ఏం గావాలె తండ్రీ? నోరిడిసి అడుగు!"

"మెషిన్!" అని గావుకేక పెట్టాడు కురుమయ్య. "మెషిన్ గావాలె! గీ దినమే గావాలె!"

దేవుడడిగాక కాదనేదెవరు? మధ్యాహ్నానికల్లా రాజేశ్ ఒంటరిగా నల్లగొండ షోరూంలో ఉన్నాడు. చేతి వేళ్లు నాని పగిలి మంటగా ఉన్నాయి. రోజూ ఇలాంటి చేతులతోనే ఉమారాణి సుద్దముక్క పట్టుకుంటుందన్న ఆలోచన తొలిసారి వచ్చి, కాస్త సిగ్గేసింది. మెషీన్ల వరస వంక అయోమయంగా చూసి, బడికి ఫోన్ చేశాడు.

"ఉమా, ఏది తేవాలె?"

అటునుంచి పిల్లల గోల వినిపించింది. ఉమారాణి సుద్దముక్క బల్ల మీద పెట్టింది. నెలల తరబడి సాగిన ఈ మహాయజ్ఞంలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది. కొంచెం ఆనందించనివ్వండి.

"నన్నడుగుతవేంది?" అంది నెమ్మదిగా. "ఉతికేటోళ్లే ఎంచుకోవాలె. నాకు పొద్దుగాల బస్సున్నది. నీకు ఏది అల్కగ ఉంటదో గదే తే."

ఫోన్ పెట్టేసింది.

రాజేశ్ స్టార్ల వంక చూడలేదు. ఇన్వర్టర్ ఊసెత్తలేదు. సేల్స్ కుర్రాణ్ణి పక్కకు పిలిచి, ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"తమ్మీ, గిండ్ల సబ్బుపొడి యాడ పొయ్యాలె?"