చెరువు వ్యాసానికి ప్రథమ బహుమతి

మన ప్రాంత చరిత్ర మీద అపారమైన ప్రేమతో, ఇబ్రహీంపట్నంలో ప్లాట్ల వ్యాపారం చేసే అంజిలయ్య గారు ఇంటర్ పిల్లలకు చరిత్ర పరీక్ష పెట్టించారు. మొదటి స్థానం వచ్చినవారికి డిగ్రీ ఫీజు మొత్తం ఆయనే కడతారు. చరిత్రను పూడ్చిపెట్టే రోజులొచ్చాయని ప్రారంభోపన్యాసంలో కంటతడి కూడా పెట్టుకున్నారు. పూడ్చే విషయంలో ఆయనకు మించిన అనుభవజ్ఞుడు చుట్టుపక్కల మండలాల్లో లేడు.

కాకతీయుల కాలంలో చెరువులను ఎలా నిర్మించారో వ్యాసం రాయమని ప్రశ్న. ఉమ్మే కుల్సుమ్ అందులో చెరువు అన్న మాట ఒక్కటే చూసింది. ఆమె తండ్రి సలాహుద్దీన్ టిప్పర్ డ్రైవరు; చెరువుల్లో మొరం పోయడం ఆయన డ్యూటీ. ఇంట్లో రోజూ వినే ముచ్చట అదే కనుక పిల్ల కలం ఆగలేదు. ముందు ఓ మూల కూల్చిన ఇళ్ల చెత్త పోయాలి. ఎవరూ అడగకపోతే మొరం పోయాలి. అడిగితే, అడిగినవారికి ఒక ప్లాటు ఇవ్వాలి. ఆఫీసులకు వరుస సెలవులొచ్చినప్పుడు కట్ట తెంపాలి. వెంచరుకు ఆ పోయిన చెరువు పేరే పెట్టాలి. జనం మంచివాళ్లు, ప్రకృతి అంటే పడి చస్తారు. శీర్షికల కింద గీతలు కూడా కొట్టి వచ్చింది.

బయట స్నేహితురాలు రూత్, "కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి రాసినవా?" అని అడిగింది. కుల్సుమ్ ప్రశ్నాపత్రం మళ్లీ చదివి మెట్ల మీదే కూలబడింది. ఫీజు రాకపోతే ఆమె చదువు ఇంటర్‌తో సరి.

"చెరువు గురించి రాయమంటే నా డ్యూటీ గురించి రాస్తివా బేటీ?" అని సలాహుద్దీన్ తల పట్టుకున్నాడు. "పోయి సారుకు నిజం చెప్పు. జర మాఫీ చేయమను."

కుల్సుమ్ వెళ్లేసరికి చరిత్ర లెక్చరర్ పరమేష్ ఆమె పేపరుకు సున్నా వేసి, అంజిలయ్య గారి ముందే పెట్టి ఉన్నారు. అంజిలయ్య గారు రెండుసార్లు చదివారు. లేచి నిలబడ్డారు.

"సున్నానా? కాకతీయుల కాలం అయిపోయిందయ్యా! చెరువు ఎవడైనా కడతడు. సెలవులల్ల కట్ట తెంపుడు ఇన్నేండ్లల్ల నాకే తట్టకపాయె. ఈ బిడ్డ ముందుచూపు చూడు!"

"సార్, నేను తప్పు రాసిన," అంది కుల్సుమ్ ఏడుపు గొంతుతో.

"జవాబు కరెక్టే బిడ్డా. ప్రశ్ననే తప్పు."

పరమేష్ సారు వెంటనే సున్నాకు ముందు పది చేర్చి నూరు చేశారు. విద్యారంగంలో ఇంత త్వరగా తప్పు దిద్దుకున్న సందర్భం మరొకటి లేదు. శాలువా కప్పారు, ఫీజు కట్టేశారు. కుల్సుమ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. 

వ్యాసంలోని వరుస తప్పకుండా, అంజిలయ్య గారి చేతుల మీదుగా ఊరి పక్క చెరువు బర్రెలకుంట పూడింది. వెంచరు ప్రారంభానికి ముఖ్య అతిథి కుల్సుమే. తూర్పు మూల ప్లాటు పరమేష్ సారు తీసుకున్నారు, మిగతావి మీరు తీసుకున్నారు. అక్కడ ముందు ఏముండేదని ఎవరూ అడగలేదు. నీళ్ల వసతి ఉందా అని మాత్రం అందరూ అడిగారు. ఉందని, వానాకాలం నేరుగా ఇంట్లోకే వస్తాయని చెప్పడానికి కుల్సుమ్ నోరు తెరిచేలోగా, మీరంతా అడ్వాన్సు కట్టేశారు.