పది పాయింట్ సున్నా

సైన్సు విద్యార్థుల నుంచి ప్రభుత్వం ఏమేమి ఆశిస్తోందో తెలియజేసే నలభై ఒక్క సూత్రాల పత్రాన్ని విద్యామంత్రిగారు విడుదల చేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఇంతకాలం విద్యార్థులే ఫలితాల నుంచి ఏదో ఒకటి ఆశిస్తూ వచ్చారు తప్ప, వాళ్ల నుంచి కూడా ఏదైనా ఆశించవచ్చని ఎవరికీ తట్టలేదు. తట్టినవారు మన మంత్రిగారు. ఆయన చదువుకునే రోజుల్లో సైన్సు తీసుకోలేదు. అందుకే ఆ సబ్జెక్టు మీద ఆయనకు ఎలాంటి దురభిప్రాయమూ లేదు.

నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుని. ఇరవై రెండేళ్లుగా గాజుసామాను కడుగుతున్నాను. పత్రాన్ని ల్యాబు గోడకు అంటించింది నేనే కాబట్టి మొత్తం చదివాను. పాఠం అర్థం చేసుకున్నాకే క్లాసుకు రావాలన్నది మూడో సూత్రం. అర్థం కాకపోతే అడగాలి గానీ క్లాసు సమయం వృథా చేయరాదన్నది నాలుగోది. రోజుకు ఎనిమిది గంటల నిద్ర, పద్దెనిమిది గంటల చదువు తప్పనిసరి అన్నది తొమ్మిదోది. రోజుకు ఇరవై నాలుగు గంటలే కదండీ అని ఒక విలేకరి అడిగితే, "సాకులు వెతక్కూడదని పదో సూత్రంలో ఉంది, చూసుకోండి" అన్నారు మంత్రిగారు.

మనకు కావలసింది పదిహేడోది. ప్రతి ప్రయోగంలోనూ ఆశించిన ఫలితమే రావాలి, రానివాళ్ల రికార్డు మీద సంతకం పెట్టరాదు. రికార్డు అంటే చేసిన ప్రయోగాలు రాసుకునే పుస్తకం. అందులో ప్రిన్సిపాల్ సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

దీనికి మా కాలేజీలో ఎవరూ కంగారు పడలేదు. ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రావణం ఉంటుంది. పైన నిలబెట్టిన బ్యూరెట్టు గొట్టంలోంచి దాంట్లోకి యాసిడ్ చుక్కలు వదలాలి. రంగు పోయిన క్షణాన ఎంత పడిందో చూసి రాయాలి. మా పిల్లలంతా పది పాయింట్ సున్నా మిల్లీలీటర్లు అని రాస్తారు. సీనియర్ల రికార్డుల్లో అదే ఉంటుంది, వాళ్ల సీనియర్ల రికార్డుల్లోనూ అదే. ఒక్కోసారి ప్రయోగానికి ముందురోజే రాసుకొస్తారు. ముందుచూపు అలవరచుకోవాలన్న రెండో సూత్రం పుట్టకముందు నుంచే మావాళ్లు దాన్ని పాటిస్తున్నారన్నమాట.

ఒక్క పిల్ల రాయలేదు. అది మా అక్క కూతురు. అక్క బట్టలు కుట్టి దాన్ని చదివిస్తోంది. "యాభై మిల్లీలీటర్లు పోసినా రంగు పోలేదు. బ్యూరెట్టులో ఉన్నవి నీళ్లని అనుమానం" అని రాసి సంతకానికి పెట్టింది.

ప్రిన్సిపాల్‌గారు చాలా ఓపికగా చెప్పారు. "చూడమ్మా, రెండువందల నలభై మందికి పది వచ్చింది. నీ ఒక్కదానికే రాలేదంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో."

"సీసాలో ఉంది సార్."

ఆయన రికార్డు తిప్పి పంపేశారు.

ఉన్నమాట చెప్పాలంటే లోపం సీసాలోనే ఉంది. మూడేళ్ల కిందట యాసిడ్ అయిపోయింది. కొత్తది కావాలని రాస్తే, రిజిస్టరు ప్రకారం సీసా నిండుగా ఉంది కనుక ఇవ్వడం కుదరదని ఆఫీసు జవాబిచ్చింది. రిజిస్టరు కూడా ఏటా మేము పాత పేజీ చూసి ఎక్కించేదే. తనిఖీ వాళ్లొస్తే సీసా నిండుగా కనబడాలి కదా అని నేనే కుళాయి కింద పెట్టి నింపాను. ఈ ముక్క బయటపెడితే నా ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే పిల్లకి ఏడాది పోతుంది. రెండు వారాలు నోరు కుట్టేసుకుని తిరిగాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

ఇంతలో, పదిహేడో సూత్రం ఎంత సులువో దేశానికి చూపించడానికి మంత్రిగారు స్వయంగా మా ల్యాబుకే వచ్చారు. తెల్లకోటు తొడిగారు. నేను సీసాలోంచి బీకరులోకి, బీకరులోంచి బ్యూరెట్టులోకి పోసి, మిగిలినదాన్ని బీకరుతోనే బల్ల మీద పెట్టాను. కెమెరాలు వెలిగాయి. మంత్రిగారు బ్యూరెట్టు కుళాయి తిప్పి, పది గీత దగ్గర ఠక్కున ఆపారు.

"పది పాయింట్ సున్నా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"రంగు పోలేదండీ" అంది మా మేనకోడలు వెనక వరుసలోంచి.

"రంగు సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ఆగాల్సిన చోట నేను ఆగానా లేదా, అది చూడు" అన్నారు మంత్రిగారు చల్లగా.

ఆపైన క్రమశిక్షణ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. గొంతు ఎండిపోయి, మాటల మధ్యలో చెయ్యి చాచి, బల్ల మీదున్న బీకరు ఎత్తి గటగటా తాగేశారు.

అందరి కళ్లూ బల్ల మీదికి తిరిగాయి. బీకరు పక్కనే పుర్రె బొమ్మ వేసిన యాసిడ్ సీసా ఉంది. మంత్రిగారు మూతి తుడుచుకుని, ఆ బొమ్మ చూసి, కుర్చీలో కూలబడ్డారు.

ప్రిన్సిపాల్‌గారూ నేనూ ఆయన్ని ఆస్పత్రికి చేర్చాం. అక్కడ ఆయన్ని చూసిన సర్జను మా పాత విద్యార్థే. పదిహేనేళ్ల కిందట కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి పది పాయింట్ సున్నా రాసినవాడు.

"గొంతులో మంటగా ఉందా సార్?"

"లేదు."

"కడుపులో నొప్పి?"

"అస్సలు లేదు."

"అంటే నరాలు కూడా కాలిపోయాయి" అని రాసుకున్నాడు సర్జను. "వెంటనే కోసి యాసిడ్ తీసెయ్యాలి."

మా వెంట వచ్చిన మేనకోడలు ఊరుకోలేదు. "లోపలికి కెమెరా పంపి చూడొచ్చు కదండీ?"

"యాసిడ్‌లో పెడితే కెమెరా పాడైపోతుందమ్మా" అన్నాడాయన.

పిల్ల బ్యాగులోంచి మంత్రిగారు తాగిన బీకరు తీసింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి. నీలం లిట్మస్ కాగితం ముంచి చూపించింది. కాగితం నీలంగానే ఉంది. "యాసిడ్ అయితే ఎర్రబడాలి. ఇవి నీళ్లు సార్."

సర్జను ప్రిన్సిపాల్‌గారి వైపు చూశాడు. "ఈ అమ్మాయి రికార్డు మీద సంతకం ఉందా?"

"లేదు."

"మరి ఈ అమ్మాయి ప్రయోగాన్ని నేనెలా నమ్మేది?"

నేను ముందుకొచ్చాను. ఏమైతే అయిందని, "నేనే సార్, మూడేళ్లుగా కుళాయి నీళ్లే పడుతున్నాను. పిల్ల రాసింది నిజం" అనేశాను. ఎంత తేలికైపోయానో చెప్పలేను.

మంత్రిగారు పడుకున్నచోటి నుంచే అటూ ఇటూ చూశారు. తలుపు అద్దంలోంచి విలేకరుల కెమెరాలు కనిపిస్తున్నాయి. ఇవతల ఆపరేషన్ బల్ల.

"ఏమయ్యా ప్రిన్సిపాలూ, అవి నీళ్లయితే పొద్దున నాకు పది ఎలా వచ్చింది?"

"అవి నీళ్లు కావు సార్."

"రెండువందల నలభై మందికి ఎలా వచ్చింది?"

"అందుకే కదా సార్, నీళ్లు కావు."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. "ఈ అటెండరు పాపం నన్ను చూసి బెదిరిపోయాడు. ఇంటికి పంపించండి." సర్జను వైపు తిరిగి, "కానివ్వండి" అన్నారు.

ఆపరేషన్ విజయవంతమైందని సాయంత్రం ప్రకటన వచ్చింది. మంత్రిగారి కడుపులోంచి తీసిన యాసిడ్ సరిగ్గా పది పాయింట్ సున్నా మిల్లీలీటర్లు.

నా ఉద్యోగం పోలేదు. బెదిరిపోయిన మనిషినని వారం సెలవిచ్చారు. తిరిగి వెళ్లేసరికి ఆఫీసు నుంచి పార్సిలు వచ్చి ఉంది. మంత్రిగారు తాగిన మేరకు సీసా తగ్గినట్టు పేపర్ల ద్వారా ధ్రువపడినందున, ఆ లోటు భర్తీ చేయడమైనది అని కాగితం. దానితోపాటు ఒక చిన్న సీసాలో అసలు సిసలైన యాసిడ్.

ఎవరికీ చెప్పకుండా మేనకోడల్ని పిలిచాను. బ్యూరెట్టు రెండుసార్లు కడిగి ఇచ్చాను. అది చుక్కచుక్కగా వదిలింది. ఒక చుక్క దగ్గర గులాబీ రంగు ఉన్నట్టుండి మాయమైంది. ఇద్దరం ఫ్లాస్కు చుట్టూ తిరిగి చూశాం. మూడేళ్లుగా ఆ గదిలో జరగనిది జరిగింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"పోయింది మామయ్యా" అంది. గీతకు కళ్లు ఆనించి చూసి, రికార్డులో అంకె రాసింది.

ఇద్దరం పరుగున ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లాం. ఆయన సంతోషంగా పెన్ను మూత తీశారు. అంకె చూశారు. తొమ్మిది పాయింట్ ఆరు.

"ఇంత దాకా వచ్చావు, ఇంకో నాలుగు గీతలు పోస్తే ఏం పోయేదమ్మా?" అన్నారు జాలిగా, మూత పెట్టేస్తూ.

"రంగు అక్కడే పోయింది సార్" అంది పిల్ల.