పెట్టె అడుగున దుప్పి బొమ్మ స్వెటర్

జనవరి మూడో సోమవారం పొద్దున్న డాఫిన్ ఊళ్ళో చలి సున్నాకి ముప్పై రెండు డిగ్రీలు కిందికి దిగింది. అలాంటి రోజున బుద్ధున్నవాడెవడైనా వేడి కాఫీ పట్టుకుని కుర్చీలోంచి కదలకూడదనే అనుకుంటాడు. మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్ పెన్నర్ గారు కూడా అలాగే అనుకుని, అంతలోనే శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రుల సమావేశం ఉందని గుర్తొచ్చి లేచారు. ముఖద్వారం పక్కనే, వచ్చేవాళ్ళకి మొట్టమొదట కనిపించే చోట, పిల్లలు పారేసుకున్న వస్తువుల పెట్టె ఉంది. అది నిండి, పొంగి, నేలమీదికి పాకి, తడిసిన ఉన్ని వాసన కొడుతోంది. శుక్రవారంలోగా దాన్ని ఖాళీ చేయించాలి.

ఎవరికి అప్పగించాలా అని చూస్తే ఎదురుగానే ఎమెట్ కోవల్‌చుక్ నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళవాడు. బడి గంటకి ముందూ, భోజనాల వేళా వాడి స్థానం ఆ పెట్టె పక్కన గోడే. డాక్టర్ల కాగితం మీద ‘ఆస్పర్జర్స్ సిండ్రోమ్’ అని ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి తెలిసిందేమిటంటే, వాడికి చెప్పిన మాట చెప్పినట్టే అర్థమవుతుంది, చెప్పనిది అస్సలు అర్థం కాదు. భోజనాల గదిలో హోరు వాడి చెవుల్లో మేకుల్లా దిగుతుంది. మనుషుల కళ్ళలోకి చూడటం వాడివల్ల కాదు. అందుకని చేతులూ కాళ్ళూ చూస్తాడు. రెండేళ్ళుగా అలా చూసీ చూసీ, ఆ బడిలో ఎవరి గ్లవ్స్ ఏవో, ఎవరి బూట్ల లేసులు ఏ రంగువో వాడికి కంఠతా వచ్చేసింది.

ఈ వంకన పిల్లలతో నాలుగు మాటలు కలుస్తాయని పెన్నర్ గారు మంచి మనసుతోనే ఆలోచించారు.

"ఎమెట్, శుక్రవారానికల్లా ఈ పెట్టె ఖాళీ అవ్వాలి. ఎవరివి వాళ్ళకి చేర్చెయ్యి. ఒక్కటి కూడా మిగలకూడదు."

ఒకరోజు అడిగి చూసి, మిగిలినవి సంచుల్లో కట్టి చర్చివాళ్ళకి ఇచ్చేయమని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం ఆయన మనసులోనే ఉండిపోయింది.

ఎమెట్ పెట్టె బోర్లించి లెక్కపెట్టాడు. అరవై మూడు వస్తువులు. ప్రతిదానికీ చీటీ కట్టి, దానిమీద సొంతదారు పేరూ, పోయిన తేదీ రాశాడు. సాయంత్రానికి నలభై ఒకటి చేర్చేశాడు. క్రిస్మస్ ముందు పోయిన గ్లవ్స్ దొరికినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. ఇద్దరు ముగ్గురు థాంక్స్ కూడా చెప్పారు. ఆ రాత్రి ఎమెట్ అమ్మ లరీసా బంగాళాదుంప కూరి పెరోగీలనే కుడుములు చేస్తే, వాడు పదకొండు తిని, ఇంకా ఇరవై రెండు వస్తువులున్నాయని చెప్పి పడుకున్నాడు.

మంగళవారం పొద్దున్న వాడు పెట్టె అడుగున ఉన్న స్వెటర్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఊదారంగు స్వెటర్, ఛాతీ మీద పెద్ద దుప్పి బొమ్మ. ఆ దుప్పికి ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ ఉంటాయి. ఆఫీసులో పెన్నర్ గారు సెక్రటరీ మిసెస్ మెల్నిక్‌తో మాట్లాడుతున్నారు. ఆవిడే ఆ స్వెటర్‌ని నెల్లాళ్ళు కూర్చుని అల్లి, పండక్కి ఆయనకి బహుమతిగా ఇచ్చింది.

"ఇది మీది సార్," అన్నాడు ఎమెట్. "డిసెంబరు పందొమ్మిదిన వేసుకున్నారు. ఇరవయ్యో తారీఖు పొద్దున్న ఎనిమిదీ పదికి మీరే తెచ్చి పెట్టె అడుగుకి తోశారు. నేను పక్కనే ఉన్నాను."

పెన్నర్ గారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. మిసెస్ మెల్నిక్ తన కళ్ళజోడు తుడుచుకుని, తనకొక్కదానికే కాఫీ పోసుకుంది.

ఆ క్షణం నుంచి బడి నడక మారింది. పద్దెనిమిదేళ్ళుగా ప్రిన్సిపాల్ గారికి ఫోన్ వస్తే, ఆయన ఊళ్ళో లేరనో మీటింగులో ఉన్నారనో చెప్పి కాపాడుతూ వచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు ప్రతి ఫోనూ నేరుగా ఆయన చెవిలోకే పంపడం మొదలుపెట్టింది. బస్సు ఆలస్యం, పక్కింటి కుక్క, భోజనంలో ఉప్పు, అన్నీ ఆయనే విన్నారు. బుధవారం పొద్దున్న స్పీకర్లో వాతావరణం చెప్పాక ఆవిడ ఇంకో మాట చేర్చింది. చేత్తో అల్లిన వస్తువులు నచ్చనివాళ్ళు వాటిని దాచిపెట్టే శ్రమ తీసుకోకుండా ఆఫీసులో తిరిగి ఇవ్వవచ్చునట. నాలుగువందల మంది పిల్లలూ అది విన్నారు.

ఎమెట్ మాత్రం తన పనిలో తానున్నాడు. కోడీ అనే కుర్రాడి ఉన్ని టోపీలో మడత పెట్టిన లెక్కల పరీక్ష పేపరు దొరికింది. పైన ‘తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి’ అని ఉంది కాబట్టి, కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చిన కోడీ వాళ్ళమ్మకే టోపీతో సహా అందించాడు. వ్యాయామం మాస్టారికి ఆయన సిగరెట్ పెట్టె, ఆయన పొగ మానేసి ఏడాదైన సందర్భంగా క్లాసు కేకు కోస్తుండగా, తెచ్చి ఇచ్చాడు.

అక్కడితో జనం మేలుకున్నారు. ఎమెట్ చీటీ కట్టిన వస్తువుతో కనిపిస్తే చాలు, అది తమది కాదని అడక్కముందే చెప్పడం మొదలుపెట్టారు. ఇచ్చినవి కూడా వాడు అటు తిరగ్గానే పెట్టెలో వచ్చి పడుతున్నాయి. పందొమ్మిది దగ్గర లెక్క ఆగిపోయింది. ఎవరివో వాడికి తెలుసు, వాళ్ళకీ తెలుసు, అయినా కాదంటున్నారు. పిల్లలు వాడికి పోలీసోడు అని పేరు పెట్టారు. ఎవరో వాడి కోటు టోపీలో తడి మేజోళ్ళు కుక్కారు. వాడు గోడ వదిలేసి, కోట్లు తగిలించే కొక్కేల కింద చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి పెరోగీలు లెక్కపెట్టి వదిలేశాడు.

గురువారం పొద్దున్న పెన్నర్ గారు వాడిని పిలిచి, చేసింది చాలన్నారు. ఇంకా పందొమ్మిది ఉన్నాయి, ఒక్కటి కూడా మిగలకూడదన్నారు కదా అని ఎమెట్ గుర్తుచేశాడు. లోపల ఫోను మోగుతోంది. ఆయన నుదురు పట్టుకున్నారు.

"సరే, అందరికీ ఒకసారి తెలియజేసి, ఇంక వదిలెయ్యి."

తెలియజేయాలంటే రాసి పెట్టడమే మేలని ఎమెట్ తేల్చుకున్నాడు. మధ్యాహ్నం కొక్కేల కింద కూర్చుని, ‘ఒప్పుకోనివారి జాబితా’ అని పైన రాసి గీత కొట్టాడు. అప్పుడే రెండు బూట్లు వచ్చి ఎదురుగా ఆగాయి. ఆకుపచ్చ లేసులు. బ్రాన్విన్ హార్డర్. సెప్టెంబరులో బ్రాండన్ అనే ఊరి నుంచి వచ్చి చేరిన అమ్మాయి, భోజనాల బల్ల చివర కూర్చుంటుంది. చేతిలో క్లారినెట్ పెట్టె ఉంది.

"దీన్ని మూడుసార్లు తెచ్చిచ్చావు," అంది. "మూడుసార్లూ నేనే మళ్ళీ తెచ్చి పడేశాను. నీకేం అర్థం కాలేదా?"

"లేదు."

"కావాలనే పోగొట్టుకున్నాను."

"పోగొట్టుకోవడమంటే ఎక్కడుందో తెలియకపోవడం. నీకు తెలుసుగా."

బ్రాన్విన్ నిట్టూర్చి పక్కన కూలబడింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాయించిన క్లారినెట్ అది. తనకి దాన్ని చూస్తేనే పంటినొప్పి వచ్చినట్టుంటుంది. వద్దని చెబితే నాన్న బాధపడతాడు. పోయిందంటే ఎవరి తప్పూ ఉండదు, ఎవరికీ బాధ ఉండదు. ఇదంతా ఆమె ఓపిగ్గా చెప్పింది. ఎమెట్ ఆ ఆకుపచ్చ లేసులు చూస్తూ విన్నాడు.

"అయితే పెన్నర్ సార్ స్వెటర్ కూడా అంతేనా?"

"మరి? ఆవిడ బాధపడకూడదనేగా దాచింది."

"నేను చెప్పడం వల్ల ఆవిడకి బాధ కలిగింది."

"కలిగింది," అంది బ్రాన్విన్. పరవాలేదులే అనలేదు. ఆ వారంలో వాడికి సూటిగా దొరికిన మొదటి జవాబు అది.

అప్పుడు ఆమె, పెట్టెమీద పేరు కూడా లేదు కదా, నాదని ఎలా పట్టావని అడిగింది. క్లారినెట్ పెట్టె పిడిమీద పంటిగాట్లు ఉన్నాయనీ, ఆమె ఎడమ గ్లవ్ బొటనవేలి మీదా అలాంటివే ఉన్నాయనీ, సెప్టెంబరు నుంచి కొరుకుతోందనీ ఎమెట్ చెప్పాడు. బ్రాన్విన్ గ్లవ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ ఊరికొచ్చాక నన్నెవరూ చూడనే లేదనుకున్నాను."

"నేనూ చూడలేదు. గ్లవ్స్ చూశాను."

ఆమె పకపకా నవ్వింది. తనని చూసి నవ్వుతోందా అని ఎమెట్ అడిగాడు. కాదు, నువ్వన్న మాటకి, అని ఆమె చెప్పింది. రెంటికీ తేడా ఉంటుందని వాడు గుర్తుపెట్టుకున్నాడు.

తర్వాత ఇద్దరూ జాబితా చూశారు. ఒప్పుకోనివారు అని రాయడం అన్యాయమని, పాపం వాళ్ళు మంచికే చేశారని, ఉన్నదున్నట్టు రాయమని బ్రాన్విన్ చెప్పింది. ఎమెట్ ఒప్పుకుని తిరగరాశాడు. పేర్లు ఎలాగూ తీసేస్తాడని ఆమె అనుకుంది. ఆ మాట పైకి అనలేదు.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చిన తల్లిదండ్రులకి ముఖద్వారం అద్దం మీద పెద్ద కాగితం కనిపించింది. ‘ఈ వస్తువులను సొంతదారులు కావాలనే పోగొట్టుకున్నారు. కారణం: ఇచ్చినవారిని బాధపెట్టకూడదని.’ కింద పందొమ్మిది వస్తువులు, పేర్లు, తేదీలు, చూసిన సాక్షి ఎమెట్ అని సంతకం. మొదటి వరసలో ప్రిన్సిపాల్ గారి దుప్పి ఉంది.

అది చదివి లోపలికి కదిలేవాళ్ళు లేరు. వెనకవాళ్ళు ముందువాళ్ళ మీద పడుతున్నారు. తలుపు మూసుకోక చలిగాలి నడవంతా తిరుగుతోంది. పెన్నర్ గారు పరుగున వచ్చి కాగితం పీకబోయేసరికి, ఎవరి చెయ్యో ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. మిసెస్ మెల్నిక్.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కారణం అన్న వరస రెండుసార్లు చదివింది. తర్వాత కిందికి దిగుతూ ఏడో వస్తువు దగ్గర ఆగిపోయింది. ‘చేప ఆకారంలో గోడ గడియారం. గంటగంటకీ తోక కొడుతుంది. మిసెస్ మెల్నిక్, నవంబరు ఎనిమిది.’ అది ప్రిన్సిపాల్ గారు ఆవిడ పుట్టినరోజుకి ఏరికోరి కొన్న గడియారం. మరమ్మతుకిచ్చానని ఆవిడ రెండు నెలలుగా చెబుతూ వస్తోంది.

పెన్నర్ గారు కూడా ఆ వరస చదివారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఆ దుప్పి అసలు మా ఆయన కోసం అల్లాను," అంది మిసెస్ మెల్నిక్ చివరికి. "ఆయన వద్దన్నాడు."

ముందు నవ్వింది ఆవిడే. దాంతో నడవంతా అందుకుంది. ఎవరి టోపీ వాళ్ళు, ఎవరి మఫ్లరు వాళ్ళు వెతుక్కుంటూ పెట్టె చుట్టూ మూగారు. ఒక అమ్మమ్మ తాను అల్లిన మేజోళ్ళు తీసుకుని, దురద పెడుతుందని ముందే చెప్పొచ్చుగా అని మనవణ్ణి మందలించింది. బ్రాన్విన్ వాళ్ళ నాన్న మాత్రం క్లారినెట్ పెట్టె చేతిలో పట్టుకుని, పిడిమీది పంటిగాట్లు తడిమి చూశాడు. బ్రాన్విన్ నేల చూస్తూ బొటనవేలు కొరుకుతోంది.

"మా నాన్న వాయించమంటే వాయించేవాణ్ణి," అన్నాడాయన. "దీన్ని రెండుసార్లు బస్సులో వదిలేశాను. ఇద్దరు డ్రైవర్లూ మంచివాళ్ళే దొరికారు."

బ్రాన్విన్ తలెత్తి చూసింది. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని, కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

హోరు పడకుండా చెవులకి కప్పులు పెట్టుకుని మూల నిలబడ్డ ఎమెట్ ఎనిమిదింటికి వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, సున్నా అని చెప్పాడు. ఆయన వాడి భుజం తట్టబోయి, వాడికి అది నచ్చదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని థాంక్స్ చెప్పారు.

సోమవారం భోజనాల వేళ బ్రాన్విన్ తన డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. ఎంతసేపు ఉంటావని ఎమెట్ అడిగాడు. గంట కొట్టేదాకా అంది. రేపో అంటే, రేపు కూడా అంది. వాడు సరేనని తన సంచీ పక్కకి జరిపి చోటిచ్చాడు.

ఇకమీదట మనుషుల జోలి లేని పని ఇవ్వడమే క్షేమమని పెన్నర్ గారు ఇద్దరికీ నడవలోని పూలకుండీలు అప్పగించారు. బుధవారానికల్లా వాటిలో నాలుగు మొక్కలు ప్లాస్టిక్‌వని తేలింది, రెండేళ్ళుగా వాటికి రోజూ నీళ్ళు పోస్తున్నదెవరో కూడా ఎమెట్‌కి తెలుసు.