చెయ్యెత్తితే ఆగిన బస్సు

"ముందు గది నాకిస్తానని మాటిచ్చింది మీరేనా, మీలాంటి వాళ్ళింకెవరైనా ఉన్నారా?" అంది చిట్టి, కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెడుతూ.

ఆ వాదన మొదటి కాఫీతో మొదలైంది. రెండో కాఫీకి కూడా తెమల్లేదు.

"ఇవ్వనన్నానా? ఆ బెంచీలు వెళ్ళనీ" అన్నాడు భర్త పేపరు వెనక నుంచి.

"అవి వెళ్ళవు. మనమే ఎటైనా వెళ్ళాలి."

యాభైకి దగ్గర పడుతున్నా పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు ఆమెను వదల్లేదు. కుట్టుపని నేర్చుకున్నప్పటి నుంచీ చిట్టికి ఒకటే కోరిక. వీధి వైపు గదిలో మిషను వేసుకుని, గుమ్మం మీద బోర్డు పెట్టుకుని, దర్జాగా దుకాణం నడపాలని. ఇన్నేళ్ళూ వంటింటి పక్క సందులో, గిన్నెల స్టాండుకీ గోడకీ మధ్య కూర్చుని ఇరుగుపొరుగుకి ఊరికే కుట్టిపెట్టింది. కూతురి చదువు అయ్యాక ముందు గది ఇస్తానని భర్త అన్నాడు. కూతురి చదువైంది. మిషను ముందు గదిలోకి వచ్చింది. దాని వెనకే నాలుగు బెంచీలు కూడా వచ్చాయి.

అవి సేవా క్లబ్బువి. ఆయన ఆ క్లబ్బుకి కోశాధికారి. ఎన్నికైన రోజు నుంచి తల్లి కూడా ఆయన్ని "ఏరా కోశాధికారీ" అనే పిలుస్తోంది. బస్టాపుల్లో బెంచీలు వేయడానికి ఓ దాతల సంస్థ క్లబ్బుకి గ్రాంటు ఇచ్చింది. బెంచీలు ముందొచ్చాయి, మునిసిపల్ ఆఫీసు అనుమతి వెనకపడింది. ఈలోగా ఎక్కడ పెట్టాలని క్లబ్బులో అందరూ పైకప్పు వైపు చూస్తుంటే, ఈయన ఒక్కడే ప్రెసిడెంటు మొహం వైపు చూశాడు. అంతే. ఇనప కాళ్ళ బెంచీలు నాలుగూ ముందు గదిలో బైఠాయించాయి. వీపు చెక్క మీద పెద్ద అక్షరాలతో 'ప్రయాణికుల సౌకర్యం కోసం' అని రాసి ఉంటుంది. ఆ ఇంటివాళ్ళకి మాత్రం గుమ్మంలోంచి హాల్లోకి అడ్డంగా నడవడం అలవాటైంది.

"అయినా బోర్డు పెట్టి ఏం చేస్తావు?" అన్నాడు కోశాధికారి. "ఆ చివర ఓ స్టాపు, ఈ చివర ఓ స్టాపు. మధ్యలో మనం. బస్సులు కూడా మన వీధిలో హారను కొట్టుకుంటూ పోవడమే గానీ ఆగవు. ఎవరొస్తారు మన గుమ్మంలోకి?"

చిట్టికి ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

"ముందు నా గండం గడవనీ" అన్నాడాయన స్వరం తగ్గించి. "నెలాఖరులోగా బెంచీలు వాడుకలోకి వచ్చినట్టు ఫొటో పంపాలి. లేకపోతే గ్రాంటు వెనక్కి."

"అనుమతి రాలేదుగా?"

"రాలేదు. అందుకే ఓ ఆలోచన చేశాను. ఒక్క గంట. మన గేటు ముందే వేస్తాం, మనవాళ్ళని కూర్చోబెడతాం, ఫొటో తీస్తాం, లోపల పెట్టేస్తాం. బెంచీలు నిజమే, మనుషులు నిజమే, రోడ్డు కూడా నిజమే. స్టాపు ఒక్కటే కాస్త ఆలస్యంగా వస్తుంది."

"మరి ఫొటోలో ఉన్నచోటి నుంచి కదపకూడదని మీరే ఏదో రాశానన్నారు?"

ఆ వాక్యం గుర్తొస్తే కోశాధికారికి ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సంస్థవాళ్ళు అడక్కుండానే, వాళ్ళ మెప్పు కోసం దరఖాస్తు చివర ఆయనే స్వయంగా చేర్చాడు: 'ఫొటోలో చూపిన స్థలం నుంచి ఈ బెంచీలను మూడేళ్ళపాటు అంగుళమైనా కదల్చబోమని హామీ ఇస్తున్నాము.' గ్రాంటు ఆ వాక్యానికే వచ్చిందని ఆయన నమ్మకం.

"అదంతా ఎవరు చూడొస్తారే" అన్నాడు.

పదింటికి ఫొటో కార్యక్రమం మొదలైంది. రెండు బెంచీలు ఎలాగో గేటు బయటికి చేరాయి. మిగతా రెండూ గుమ్మంలో ఇరుక్కుని, ముందుకీ రాక వెనక్కీ పోక, పక్కింటి లెక్కల మాస్టారి నడుము పట్టేశాక మళ్ళీ గదిలోకే వెళ్ళాయి. "ఫరవాలేదు, తలుపులు బార్లా తీయండి, వెనక కనిపిస్తాయి" అన్నాడు కోశాధికారి. మాస్టారూ, ఎదురింటి దంపతులూ సంచులు పట్టుకుని కూర్చున్నారు. అత్తగారి చేతికి పాత దుప్పట్లు కుక్కిన సూట్‌కేసు ఇచ్చి ముందు నిలబెట్టారు. కూతురు ఫోను పట్టుకుని రోడ్డవతల నిలబడింది.

"అమ్మా, బస్సు ఆపుతున్నట్టు చెయ్యెత్తు" అన్నాడు కోశాధికారి.

"లేని బస్సుకి చెయ్యెత్తడమేంట్రా?"

"నటించమ్మా."

అత్తగారు ఏ పని చేసినా మనసు పెట్టి చేస్తుంది. చెయ్యి నిలువునా ఎత్తి, మెడ సాచి, కళ్ళు చిట్లించింది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగిన బస్సు ఆమెను చూసింది. బెంచీలను చూసింది. సంచులను చూసింది. ఆగింది.

"ఎక్కండి ఎక్కండి, త్వరగా" అన్నాడు కండక్టరు.

ఎవరూ కదల్లేదు. "ఫొటో ఇంకా పడలేదండీ" అన్నారు మాస్టారు.

"ఏంటండీ, చెయ్యెత్తి ఆపి బొమ్మల్లా కూర్చుంటారు? పనీపాటా లేదనుకున్నారా మాకు? ఏం పెద్దమ్మా, వయసొచ్చాక ఇదేం సరదా?"

ఒకరి చేత మాట పడడం అత్తగారి ఒంట్లో లేదు. కొడుకు వైపు ఒక్క చూపు చూసి, సూట్‌కేసుతో సహా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆగింది కదా అని ముగ్గురు ప్రయాణికులు దిగారు. బస్సు కదిలింది. "అమ్మా" అంటూ కోశాధికారి చెయ్యి చాచి దాని వెంట రెండడుగులు పరిగెత్తాడు. కూతురు ఆ క్షణాన్నే ఫొటో తీసింది. ఇంత సహజమైన బస్టాపు ఫొటో ఆ సంస్థకి అంతకు ముందెన్నడూ అంది ఉండదు.

మధ్యాహ్నం అత్తగారు తిరిగొచ్చింది, బస్సులోనే, సరిగ్గా గేటు ముందే దిగుతూ. డ్రైవరుతో చాలాకాలంగా పరిచయం ఉన్నట్టు చెయ్యూపింది.

"మా ఇంటి ముందు కొత్త స్టాపు పడిందని చెప్పాను. మీకెవరూ చెప్పలేదా అనడిగాను. పాపం, వాళ్ళాఫీసులో ఎవరూ ఏదీ చెప్పరట" అంది. "మిగతా బళ్ళ వాళ్ళకి కూడా తనే చెప్తానన్నాడు. మంచి కుర్రాడు."

బయటి బెంచీలు లోపల పెట్టడానికి ఆ సాయంత్రం మాస్టారి నడుము సహకరించలేదు. మర్నాడు పొద్దున చూసేసరికి వాటి మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళని లేపి బెంచీలు లాక్కునే ధైర్యం కోశాధికారికి లేకపోయింది.

ఆ వారం చిట్టికి ఎలా గడిచిందో చిట్టికే తెలియదు. మంచినీళ్ళు కావాలని ఒకరు, చిల్లర ఉందా అని ఒకరు, గొడుగు సాయంత్రం దాకా ఉంచండమ్మా అని ఇంకొకరు. ఓసారి పొయ్యి మీద కూర చూసి వచ్చేసరికి ముందు గదిలో ఐదుగురు కూర్చుని ఉన్నారు. బయటి బెంచీల మీదున్న అక్షరాలే లోపలి బెంచీల మీదా ఉన్నాయి, తలుపు తీసే ఉంది. వాళ్ళ తప్పేముంది? ఒకాయన అప్పటికే ఫ్యాను వేసుకున్నాడు.

"మీరిక్కడ పనిచేస్తారామ్మా?" అనడిగాడు చిట్టిని.

"పాతికేళ్ళుగా" అంది చిట్టి.

"అయితే పైవాళ్ళకి చెప్పండి, వెయిటింగు హాలు గడియారం ఐదు నిమిషాలు వెనకుంది."

పైవాళ్ళు అప్పుడే స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, కూనిరాగం తీస్తూ హాల్లోంచి ముందు గదిలోకి పేపరు కోసం వచ్చారు. ఐదుగురు ప్రయాణికులూ కోశాధికారిని చూశారు. ఆయన ఐదుగురినీ చూశాడు. ఫ్యాను వేసుకున్నాయనే కాస్త జరిగి, చోటిచ్చాడు.

"ఇది నా ఇల్లండీ" అన్నాడు కోశాధికారి, తువ్వాలు గట్టిగా పట్టుకుని.

"అలాగే అనుకోవాలండీ, ప్రజల ఆస్తి కదా" అన్నాడాయన మెచ్చుకోలుగా.

ఆ రోజు నుంచి కోశాధికారి మునిసిపల్ ఆఫీసు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. "అనుమతి ఇచ్చేయండి బాబూ, నా కొంపలోంచి బస్టాపుని బయటికి తీసుకెళ్తాను" అని బతిమాలుతుంటే, అక్కడి గుమాస్తాకి తల తిరిగింది. బస్టాపుని ఇంట్లోకి ఎవరు తెచ్చారో ముందు తేల్చాలని ఆయన ఇంకో వారం తీసుకున్నాడు.

ఈలోగా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. బస్సు కోసం కూర్చున్న ఒకామె సంచి పట్టీ పుటుక్కున తెగింది. లోపలివన్నీ నేల మీద దొర్లాయి. చిట్టి వాటిని ఏరి ఇచ్చి, బెంచీ వెనక నక్కి ఉన్న మిషను మీది దుప్పటి లాగేసి, బస్సొచ్చేలోగా పట్టీకి రెండు వరసల కుట్టు వేసి చేతిలో పెట్టింది. అది చూసి పక్కాయన చొక్కా జేబు చూపించాడు. జేబు చూసి ఇంకొకామె, ఆఫీసులో ఉన్న కర్టెన్ల మాటెత్తింది. రోజులు గడిచేకొద్దీ పొద్దున బస్సెక్కేవాళ్ళు బట్టలిచ్చి వెళ్ళడం, సాయంత్రం దిగేవాళ్ళు తీసుకుని వెళ్ళడం మొదలైంది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే బస్సు ఏదో చూసి చెప్పేది. "తొమ్మిదో నంబరు ఆలస్యమమ్మా, నీ జాకెట్టు కాజాలు అయిపోతాయి, కూర్చో."

చిట్టి గడియారం కూడా సరిచేసింది.

"ఇంకెంత, అనుమతి వచ్చేస్తోంది" అన్నాడు కోశాధికారి ఓ రోజు, ఆమెను ఓదారుస్తున్నట్టు. "బెంచీలు తీసేస్తే నీ గది నీకు."

"తొందరేముందండీ" అంది చిట్టి దారం కొరుకుతూ.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "గ్లాసులు పగలగొట్టినంత పని చేశావు కదే ఈ గది కోసం."

"గది కోసం కాదు. గదిలోకి వచ్చే మనుషుల కోసం. ఎవరొస్తారన్నారుగా మీరు."

అనుమతి ఓ రోజు పొద్దున వచ్చింది. వీధి చివర స్టాపు దగ్గర బెంచీలు వేసుకోవచ్చని. కోశాధికారి ప్రెసిడెంటు గారిని ఫోను చేసి రప్పించి, లారీ పిలిచి, ఇద్దరు కూలీల్ని మాట్లాడి, పెళ్ళికొడుకులా గేటు దగ్గర నిలబడ్డాడు. చిట్టి చేతిలో కత్తెర ఆగిపోయింది. బెంచీలు పోతే స్టాపు పోతుంది. స్టాపు పోతే మిగిలేది ఖాళీ గదీ, పెట్టినా ఎవరూ చూడని బోర్డూ.

లారీ కంటే ముందు బస్సొచ్చింది. అందులోంచి చేతిలో ఫైలుతో ఒకావిడ దిగింది. గ్రాంటు ఇచ్చిన సంస్థ నుంచి చూడటానికి వచ్చానంది. కోశాధికారి ప్రెసిడెంటు గారి వెనక్కి జరిగాడు. ప్రెసిడెంటు గారు కండువా సర్దుకుని, "ఇది తాత్కాలికంగా, మేడమ్" అని మొదలుపెట్టారు.

మేడమ్ వినలేదు. బయటి బెంచీలు చూసింది, నిండా జనం. లోపలికి తొంగి చూసింది, అక్కడా జనం. ఒక ముసలాయన కునుకు తీస్తున్నాడు. చిట్టి లేచి నిలబడింది.

"మేం చాలా చోట్ల ఇచ్చామండీ బెంచీలు" అంది మేడమ్ నెమ్మదిగా. "కొన్నింటి మీద బట్టలారేశారు, కొన్నింటికి మేకల్ని కట్టేశారు. మనుషులు కూర్చోగా చూడటం నాకిదే మొదటిసారి." అప్పుడు లారీ వచ్చి ఆగింది. "ఇదెందుకు?"

"బెంచీలు అసలు చోటికి మారుస్తున్నాం మేడమ్" అన్నాడు కోశాధికారి.

మేడమ్ ఫైలు తెరిచింది. "మూడేళ్ళపాటు అంగుళమైనా కదల్చబోమని మీరే రాశారు కదా. ఎంత బాగా రాశారని మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాం." ఫొటో తీసి చూపించింది. చెయ్యి చాచి పరిగెడుతున్న కోశాధికారి. ఆయన వెనక రెండు బెంచీలు. వాటి వెనక బార్లా తీసిన తలుపుల్లోంచి ఇంకో రెండు. "నాలుగూ స్పష్టంగా ఉన్నాయి. లోపలివి కూడా కదపకూడదు. కదిపితే గ్రాంటు వెనక్కివ్వాల్సి ఉంటుంది. ప్రెసిడెంటు గారూ, ఏమంటారు?"

"కోశాధికారి గారి మాటే క్లబ్బు మాట మేడమ్" అన్నారు ప్రెసిడెంటు గారు, లారీని వెళ్ళిపొమ్మని సైగ చేస్తూ.

మేడమ్ కుట్టుమిషను వైపు అనుమానంగా చూసింది. "ఇది కూడా గ్రాంటుదేనా?"

"కాదండీ, మా పుట్టింటివాళ్ళు ఇచ్చింది" అంది చిట్టి.

"మంచిది. నా బ్యాగు జిప్పు పట్టేస్తోంది, కాస్త చూస్తారా? తిరుగు బస్సుకి వేళవుతోంది."

మేడమ్ బాగుపడిన బ్యాగుతో బస్సెక్కి వెళ్ళిపోయాక, అందరూ భోజనాలకి కూర్చున్నారు. చిట్టి వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

"రేపు నా బోర్డు పెడుతున్నాను. అమ్మాయి రాస్తోంది. కూర్చునేవాళ్ళు ఎప్పటిలాగే కూర్చుంటారు, ఎవర్నీ లేపేది లేదు. ముందు గుమ్మం ఇక వాళ్ళకీ నాకూ. వెనక తలుపు తాళం బాగుచేయించాను, మీరంతా అటు నుంచి రండి."

కూతురు అక్షరాలు ఏ రంగులో కావాలని అడిగింది.

"మరి నేను పేపరెక్కడ చదువుకోను?" అన్నాడు కోశాధికారి.

"బస్సులో చదువుకో, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటాయి" అంది అత్తగారు.

ఆయన చెయ్యి కడుక్కుని, పేపరు చంకలో పెట్టుకుని, వెనక తలుపులోంచి చుట్టూ తిరిగి గేటు ముందుకి వచ్చి, దూరంగా వస్తున్న బస్సుకి చెయ్యెత్తాడు.

బస్సు నెమ్మదించింది గానీ పూర్తిగా ఆగలేదు. ఆ రోజు కసురుకున్న కండక్టరే తల బయటికి పెట్టి, "నిజంగా ఎక్కుతారా, ఫొటోకా?" అని అడిగాడు.