వంటింట్లో చిక్కిన డేక్సా

సూళ్లూరుపేటలో గౌస్ మొహిద్దీన్ ఆ ఆదివారం పొద్దున అనుకున్నది చిన్న పనే. కూతురు అనీసాను చూడడానికి తడ నుంచి పెళ్లివారు వస్తారు, కొత్త వంటింటి బిర్యానీ తింటారు, సంబంధం ఖాయం చేసుకుని వెళ్తారు.

ఆ వంటింటి కోసం అత్తాకోడళ్లు పోట్లాడుకోని రోజు లేదు. గౌస్ భార్య సబియాకు గ్రానైట్ గట్టు, అద్దాల అరలు కావాలి. తల్లి సుభాన్‌బీకి బిర్యానీ వండే తన పెద్ద రాగి డేక్సా, దానికో కట్టెలపొయ్యి కావాలి. మేస్త్రీ మునికృష్ణ ఇద్దరికీ తలూపాడు. కొలత తప్పకూడదని డేక్సాను మూలన పెట్టి, దాని చుట్టూ పొయ్యి కట్టి, దాని ముందు గట్టు బిగించాడు.

దమ్ బిర్యానీ మూత చుట్టాల ఎదుటే తీయడం ఆ ఇంటి ఆనవాయితీ. బిర్యానీ ఉడికాక హాల్లోకి తేవాలని నలుగురూ కలిసి డేక్సా ఎత్తారు. గట్టు సందులోంచి అది రానంది. మళ్లీ పొయ్యిమీదే పెట్టారు.

"ఇది బయటికి ఎట్లొస్తాదప్పా?" అన్నాడు గౌస్.

"లోపల పెట్టమన్నారు. బయటికి తియ్యాలని ఎవురూ చెప్పలా భాయ్," అన్నాడు మునికృష్ణ.

"వాళ్లనే ఈడికి పిలుద్దాం అత్తా," అంది సబియా.

"సిమెంటు మూటల మధ్యకా? ఈ వంటిల్లు సూస్తే మన పిల్లని చేసుకుంటారా?" అంది సుభాన్‌బీ.

వాకిట్లో కారు ఆగింది.  మునికృష్ణను గట్టు ఊడదీయమని చెప్పి, గౌస్ నవ్వు పులుముకుని పెళ్లివారిని హాల్లో కూర్చోబెట్టాడు.

మునికృష్ణ గునపం వేసి గట్టు లేపాడు. బలం కోసం దాని అంచును హాలు గోడలోకి దూర్చింది తానేనన్న సంగతి మరిచాడు. గట్టుతోపాటు గోడ పైసగం కూలింది.

హాల్లో షర్బత్ పళ్లెంతో అనీసా కొయ్యబారింది. దుమ్ము తగ్గాక గోడ కన్నంలో గునపంతో మునికృష్ణ, తల నెరిసినట్టు సబియా, మూతమీద చేతులు చాచి సుభాన్‌బీ కనిపించారు. సంబంధం పోయిందనుకున్నాడు గౌస్.

సుభాన్‌బీ పెళ్లివారిని చూసింది, డేక్సాను చూసింది. ఇదీ చుట్టాల ఎదుటే కదా అనుకుని అక్కడే మూత తీసింది. ఆవిరి కన్నంలోంచి హాల్లోకి వెళ్లింది.

పెళ్లికొడుకు జుల్ఫికర్ తల్లి ముక్కుతో గాలి పీల్చి, నెమ్మదిగా అంది: "శానా ఇండ్లు సూసినామమ్మా. అందరూ వంటింటి తలుపు మూసేసినారు. మీరే, గోడ పగలగొట్టి మరీ సూపించినారు."

బిర్యానీ తింటూనే పెళ్లి ఖాయం చేశారు.

మునికృష్ణ మళ్లీ డేక్సాను లోపలే పెట్టి గట్టు బిగించాడు; పెళ్లి వంటకు గౌస్ వేరే డేక్సా అద్దెకు తెచ్చాడు.