అంతరిక్షంలో మొదటి శవం

వ్యోమనౌకలో హంతకుడి చేతిలో ఏడుగురు చావాలి. ఆ ఏడుగురిలో మాస్టారిని మొదట చంపారు. అది అన్యాయం.

పోస్టుమాస్టరుగా రిటైరై, భార్య పోయాక గోడలతో మాట్లాడుకుంటున్న ఆయనకు, ఈ కథతో తీస్తున్న సినిమాలో వేషం దొరికింది. వేషం పేరు 'బాధితుడు ఒకటి'. వియ్యంకుడితో ఫోనులో మాత్రం "నౌకకు కెప్టెన్ని నేనే" అన్నాడు. ఆ వియ్యంకుడు బ్యాంకు మేనేజరుగా దిగిపోయి ఆరేళ్ళయినా, ఎదుటివాణ్ణి ఇంకా కౌంటరు అవతలి మనిషిలాగే చూస్తాడు.

ఆ రోజు పథకం చిన్నదే. గోదాములో వేసిన సెట్టులో పదింటికి చావడం, పన్నెండింటికి ఇల్లు చేరడం, భోజనానికి వచ్చే కూతురికీ వియ్యంకుడికీ కెప్టెన్ కబుర్లు చెప్పడం.

పదింటికి రబ్బరు గొడ్డలి వేటు పడింది. మాస్టారు పద్ధతిగా నేల మీద కూలాడు.

"కట్! పడిపోతారేంటండీ? అంతరిక్షంలో శవం పడదు, తేలుతుంది," అన్నాడు దర్శకుడు.

"ఎంతసేపు తేలాలి?"

"మిగతా ఆరుగురూ చచ్చేదాకా. శవం నౌక దిగి ఎక్కడికి పోతుంది చెప్పండి?"

నడుముకు పట్టీ బిగించి తాళ్ళతో పైకి లాగారు. ఇంతలో హెల్మెట్ అద్దానికి లోపల ఆవిరి పట్టింది.

"శవం ఊపిరి పీలుస్తోంది సార్!" అని అరిచాడు కెమెరామన్.

"మాస్టారూ, కాస్త చచ్చినట్టు ఊపిరి బిగబట్టండి."

బిగబట్టాడు. హంతకుడికి తుమ్మొచ్చింది. మళ్ళీ బిగబట్టాడు. రెండోసారి చావాల్సిన వంతు ఉన్న ఆవిడకు నవ్వొచ్చింది. ఒంటిగంటకు కూడా చచ్చింది ఆయనొక్కడే.

"దించి మళ్ళీ కట్టాలంటే గంట. అలాగే ఉండండి మాస్టారూ," అని అందరూ భోజనాలకు లేచారు. తాళం వేసిన ఇల్లు చూసి, పక్కింట్లో కనుక్కుని, కూతురూ వియ్యంకుడూ సరిగ్గా అప్పుడే వచ్చారు.

"మా బావగారేరీ? కెప్టెన్ వేషం," అన్నాడు వియ్యంకుడు.

"కెప్టెనా? ఆ వేషమాయన పొద్దున్నే అలిగి వెళ్ళిపోయాడండీ," అన్నాడు హంతకుడు, అన్నం కలుపుకుంటూ. "మాస్టారంటే అదుగో, పైన. మొదటి శవం."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. బొమ్మ అనుకుని పోతారన్న ఆశతో కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

"నాన్నా! పలకవేం నాన్నా?"

అద్దం మీద ఆవిరి లేదు.

"అమ్మ కూడా ఇలాగే... పిలుస్తుంటే పలకలేదు," అంటూ కూతురు నేల మీద కూలబడింది.

ఆ మాటకైనా కళ్ళు తెరవాల్సింది. తెరవలేదు. ఇంకొక్క క్షణం పరువు దక్కించుకుందామనుకున్నాడు.

"ఏం చూస్తున్నారయ్యా! నువ్వు తాడు వదులు! ఓయ్ గొడ్డలీ, ఆ పళ్ళెం అవతల పడేసి కాళ్ళు పట్టుకో!" వియ్యంకుడి గొంతుకు గోదాము రేకులు అదిరాయి. అందరూ పరిగెత్తారు. హంతకుడే ఆయన్ను చంటిపిల్లాడిలా దించి హెల్మెట్ ఊడదీశాడు. మాస్టారు బుస్సుమని ఊపిరి వదిలాడు.

కూతురు ఏడుపు ఆపింది. "అంతా వింటూనే ఉన్నావా?"

ఆయన నేలచూపులు చూశాడు. ఆమె ముఖం తుడుచుకుని బయటికి నడిచింది.

దర్శకుడు వియ్యంకుణ్ణే చూస్తున్నాడు. "సార్, ఆ గొంతు! నాకు కెప్టెన్ దొరికాడు!"

వియ్యంకుడు కాలరు సర్దుకున్నాడు. "చివర్లో చస్తానా?"

"అసలు చావరండీ."

పదకొండు రోజులు వియ్యంకుడు కింద నిలబడి ఆజ్ఞలు జారీ చేస్తుంటే, మాస్టారు అతని నెత్తిన తేలాడు. కూతురు ఫోను చేస్తుంది గాని, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది.

సినిమా సంగతి ఎవరైనా అడిగితే మాస్టారు తలుపు వేసేస్తాడు. ఆ ఊసు ఇక ఈ జన్మలో ఎత్తడు.