వయొలిన్ మాటున వడగళ్లు

మా హాల్‌బర్గ్ పట్టణ టీవీ కేంద్రం వైకల్యం ఉన్నవాళ్లను గుర్తించాలని నిర్ణయించింది. జూన్ నెల రెండో శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల నుంచి నాలుగున్నర దాకా గుర్తిస్తామని ముందుగానే ప్రకటించింది. మిన్నెసోటా రాష్ట్రంలో ఇంత చిన్న ఊరు ఇంత పెద్ద సాహసం చేయడం ఇదే మొదటిసారి అని కేంద్రం మేనేజర్ డ్వేన్ లాఫ్‌గ్రెన్ గారు చెప్పారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో మేమంతా హాట్‌డిష్ అనే మా ఊరి వంటకం వడ్డించుకుంటుండగా ఆయన బల్ల మీద చెంచాతో కొట్టి మరీ ప్రసంగించారు.

"ఇన్నాళ్లూ మనం వాళ్ల గురించి మాట్లాడలేదు. అది మన తప్పు. ఇకమీదట మాట్లాడదాం. పాపం, వాళ్లకు నోరు విప్పే శ్రమ కూడా లేకుండా వాళ్ల తరఫున మనమే మాట్లాడదాం!"

అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు నిమ్మకాయ కేకుల దగ్గర నుంచి ఇంగా నార్‌గార్డ్ చెయ్యెత్తింది. ఇంగా పుట్టినప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదివి, ఊరికి తిరిగొచ్చింది. ఆమెకున్న కోరిక ఒక్కటే.

"డ్వేన్ గారూ, ఆరింటి వాతావరణం చదివే పని నాకిస్తారా? కుర్చీ కూడా మీరు వెయ్యక్కర్లేదు, నాది నేనే తెచ్చుకుంటా."

అందరూ నవ్వారు. డ్వేన్ గారు కూడా నవ్వి, వెంటనే కళ్లు ఒత్తుకున్నారు. "చూశారా! ఈ స్థితిలో కూడా మనల్ని నవ్విస్తోంది!"

వాతావరణం ప్రస్తుతం ఆయన బావమరిది కిప్ చదువుతున్నాడు. కిప్‌కి పడవల దుకాణం ఉంది. మేఘాల సంగతి అతనికి అంతగా తెలియదు గాని, పడవలు అమ్ముడుపోవాలి కాబట్టి రోజూ ఎండ కాస్తుందనే చెబుతాడు. మాకు కూడా వినడానికి హాయిగానే ఉంటుంది.

"నీకివ్వాలనే ఉందమ్మా," అన్నారు డ్వేన్ గారు. "కానీ స్టూడియో గోడ మీది వాతావరణ పటం ఎత్తులో ఉంది. నీ చెయ్యి దక్షిణాది జిల్లాల దాకానే అందుతుంది. ఉత్తరాది వాళ్లు నొచ్చుకోరూ?"

"పటం కాస్త కిందికి దించండి."

"ముప్పై ఏళ్లుగా అక్కడే ఉందే!"

"నేనూ ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నానండీ."

చివరికి ఆయన మెత్తబడ్డారు. ఇంగా ఆ శుక్రవారం కార్యక్రమానికి రావాలి. వస్తే ఆఖరి నిమిషం ఆమెదే. ఆ నిమిషంలో వాతావరణం చెప్పుకోవచ్చు. బాగా చెబితే, పని సంగతి ఆలోచిస్తారు.

శుక్రవారం ఇంగా కేంద్రానికి వెళ్లింది. ముందు తలుపుకి మెట్లున్నాయి. వెనక కూల్‌డ్రింక్ పెట్టెల కోసం కట్టిన వాలు దారి ఉంది. ఆమె దాని మీదుగా లోపలికి వెళ్లబోతే డ్వేన్ గారు వెనక్కి పిలిపించి, మెట్ల కింద ఆపి, పైకి చూడమన్నారు. కార్యక్రమం ఆ దృశ్యంతోనే మొదలైంది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మా అమ్మ అప్పుడే కాగితపు రుమాళ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

డ్వేన్ గారు స్వయంగా ప్రశ్నలు అడిగారు.

"జీవితంలో బాగా కుంగిపోయిన రోజు ఏదమ్మా?"

"మొన్న బుధవారం. రాడార్ పాడైంది."

"ఆ ప్రమాదం ఎలా జరిగింది?"

"ఏ ప్రమాదం?"

డ్వేన్ గారు కొంత నిరాశపడ్డారు గాని, బయటపడలేదు. ఆఖరి నిమిషం వచ్చింది. ఇంగాని పడమటి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆమె బయటికి చూసింది. ఆమె ముఖం మారిపోయింది. పెదాలు గబగబా కదిలాయి. సరిగ్గా అప్పుడే టీవీలో ఆమె గొంతు వినబడడం ఆగి, నేపథ్యంలో విషాదంగా వయొలిన్ అందుకుంది. ఆమె ఆకాశం వైపు వేలు చూపించింది. మా వైపు తిరిగి, మళ్లీ మెల్లగా ఏదో చెప్పింది. రెండు చేతులూ ఊపింది. వయొలిన్ మీదుగా డ్వేన్ గారి స్వరం వినిపించింది.

"ఇది... మాటలకందని వేదన."

మా వీధి వీధంతా ఏడ్చింది. అంత మంచి కార్యక్రమం ఆ కేంద్రంలో ఎప్పుడూ రాలేదు.

కళ్లు తుడుచుకుని వాకిట్లోకి వచ్చేసరికి, ఎదురింటి ఓర్విల్ తాత తన గ్యారేజీలోంచి పడవని పచ్చికలోకి లాగుతున్నాడు. ఆయన ఇంగాకి సొంత తాత. చిన్నప్పుడే వినికిడి పోయింది. తెర కింద మాటల్ని అక్షరాలుగా వెయ్యండయ్యా అని కేంద్రానికి ఏళ్ల తరబడి రాస్తున్నాడు. అడిగేది మీరొక్కరే కదా అని వాళ్లు మర్యాదగా జవాబిస్తున్నారు. అందుకని ఆయన టీవీలో మనుషుల పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకున్నాడు.

పడవ బయటికి పోయాక ఆయన తన ట్రక్కుని లోపల పెట్టాడు. మా వైపు చూసి, ఆగని ఇంజిన్ మోతలో మాకు వినబడకుండా ఏదో అరుస్తూ ఆకాశాన్ని చూపించాడు, మా కార్లను చూపించాడు, చేతులు ఊపాడు. మనవరాలు టీవీలో కనబడిందని సంబరపడుతున్నాడనుకుని మేమూ చేతులు ఊపాం.

మా ఊళ్లో గ్యారేజీలు పడవలకు, మంచు బళ్లకు, పాత సోఫాలకు. కార్లు బయటే ఉంటాయి. అయిదున్నరకి కోడిగుడ్లంత వడగళ్లు పడ్డాయి. వీధిలో పగలని కారు అద్దం లేదు. మా అమ్మ కొత్త కారు పైకప్పు మీద గిన్నెలు బోర్లించినట్టు గుంటలు పడ్డాయి. కిప్ దుకాణం ముందున్న పడవలు జల్లెళ్లయ్యాయి.

వాన వెలిశాక అందరం ఓర్విల్ తాత చుట్టూ చేరాం.

"నీకెలా తెలిసింది తాతా?" అని మా అమ్మ చేతులతో సైగ చేసి అడిగింది.

"ఇంగా చెప్పిందిగా!" అన్నాడు ఆయన, తన పెద్ద గొంతుతో. "పడమట మేఘం అడుగు ఆకుపచ్చగా మారింది, గంటలో పెద్ద వడగళ్లు, కార్లు లోపల పెట్టుకోండి అని. రెండుసార్లు చెప్పింది. మీకు చెవులున్నాయి కదే, వినలేదా?"

"మేం ఏడుస్తున్నాం," అంది మా అమ్మ.

డ్వేన్ గారు తప్పుని వెంటనే సరిదిద్దుకున్నారు. ఓర్విల్ తాతకున్న దివ్యదృష్టి గురించి ఒక కార్యక్రమం తీశారు. అందులోనూ అక్షరాలు వెయ్యలేదు. మాటలన్నీ తెర వెనక నుంచే వచ్చాయి కాబట్టి తన గురించి ఏం చెప్పారో తాతకి తెలియదు. ఇక పగిలిన పడవలతో తీరిక లేక కిప్ తప్పుకోవడంతో, ఆరింటి వాతావరణం ఇంగాకి ఇచ్చారు. గోడ మీది పటాన్ని కూడా కిందికి దించారు. రెండు మేకులు పీకితే సరిపోయింది.

ఇంగా చాలా బాగా చదువుతుంది. ఆమె ఎండ అన్నరోజు ఎండే కాస్తుందని ఓర్విల్ తాత చెబుతాడు. ఆమె గొంతు వినబడకుండా వేసే ఆ ఒక్క వయొలిన్ మాత్రం తియ్యలేదు. తియ్యమని ఆమె ఎన్నోసార్లు అడిగింది. ప్రేక్షకులు ఒప్పుకోవడం లేదని డ్వేన్ గారు చెప్పారు. అది నిజమే. ఉంచమని రాసినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

మొన్న నవంబరులో ఇంగా తెర మీద ఏదో చాలా గట్టిగా చెప్పింది. మా వీధంతా కళ్లు తుడుచుకుని పడుకుంది. తెల్లారేసరికి తలుపులు తెరుచుకోనంత మంచు. పార ముందే గుమ్మంలో పెట్టుకున్నది ఓర్విల్ తాత ఒక్కడే. ఆయనే వచ్చి, ఒక్కొక్క ఇంటి ముందూ తవ్వి, మమ్మల్ని బయటికి తీశాడు.